మార్త మారిన సంగతి

గుణదల, విజయవాడ
7-7-1974

నాన్నగారికి మీ మార్త వందనములు.

చేరిపోయాను. హాస్టల్లో నాకు కిటికీ పక్క మంచం దొరికింది. ట్రంకుపెట్టె మంచం కిందికి దూరడం లేదు, సగం బయటే ఉంది. వచ్చేపోయే వాళ్ళంతా దానికి తగిలి నన్ను తిడుతున్నారు. అమ్మతో చెప్పండి, పచ్చడి జాడీ పగల్లేదు. కానీ బస్సులో మూత ఊడి నా తెల్ల వోణీ ఎర్రవోణీ అయింది.

ఇక అసలు సంగతి. మొన్న గురువారం మొదటి ప్రాక్టికల్ జరిగింది. మా బి.యస్సీ. బాచిలో ఇరవై నలుగురుంటే ఆడపిల్లలం ముగ్గురమే. మేష్టారు సన్నటి గాజుగొట్టంలో నీళ్ళు పోసి, ఎంత ఎత్తుందో చదివి రాయమన్నారు. అందరూ నిలబడే చూసి గబగబా రాసేశారు. నేను మాత్రం వంగి, కన్ను నీటి అంచుకు సరిగ్గా ఎదురుగా పెట్టి చూశాను. మీరు నన్ను కాలవ లాకుల మెట్ల మీద బోర్లా పడుకోబెట్టి నీటిమట్టం గేజి పలక చదివించేవారు కదా, "పైనించి చూస్తే నీళ్ళు అబద్ధం చెప్తాయే" అని, అలాగన్నమాట. మేష్టారు నా దగ్గర ఆగి, "ఇది సరైన పద్ధతి" అన్నారు. పైనుంచి చూస్తే వచ్చే తప్పుకు ఇంగ్లీషులో పారలాక్స్ అని పేరుందట! మీకు తెలిసిన దానికి పేరుందని, అది పుస్తకంలో ఉందని తెలిసేసరికి నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఈ లాబరేటరీ నా కోసమే కట్టారేమో అనిపించింది. నవ్వకండి.

చీకటి పడితే సిస్టర్లు దీపాలార్పేస్తారు కాబట్టి ఇంతటితో ముగిస్తున్నాను.

మీ కుమార్తె,
మార్త


చినలాకులు, బందరు కాలువ
15-7-1974

మార్తమ్మకు నాన్న ఆమోసు దీవించి రాసేది.

ప్రభువు కృపవల్ల ఇంట్లో అందరం నిక్షేపంగా ఉన్నాం, ఒక్క గేదె తప్ప. అది మేత ముట్టడం లేదు. నువ్వు వెళ్ళినప్పట్నించీ దిగులు పెట్టుకుందని మీ అమ్మ సంపూర్ణమ్మ అంటుంది. దిగులు గేదెకా మీ అమ్మకా అన్నది నేను తేల్చలేను.

నీ ఉత్తరం ఓవర్సీరు వెంకటకృష్ణారావుగారికి చదివి వినిపించాను. "ఏమయ్యా ఆమోసూ, ఇరవై రెండేళ్ళుగా లాకుల దగ్గర లస్కరు ఉద్యోగం చేస్తూ పారలాక్సు చూస్తున్నావన్నమాట" అని ఒకటే నవ్వు. ఆ రోజునుంచి గడ్డిపడవల వాళ్ళకి కూడా నేను పారలాక్సు గురించి చెప్తున్నాను. మీ అమ్మ వినీ వినీ "ఏం రోగమండీ అది, మందు లేదా" అంది. ఆదివారం గుడిలో సంఘమంతటి ముందు లేచి నీకోసం కృతజ్ఞతా ప్రార్థన చేశాను. మన పేటలోంచి సైన్సు చదవడానికి వెళ్ళిన మొదటి మనిషివి నువ్వు. మగపిల్లల్లో కూడా లేరు. అది మర్చిపోకు.

ఇంకొక మాట. అది సిస్టర్ల హాస్టలు. అన్నం బాగా పెడతారు, శుభ్రం నేర్పుతారు, కాదనను. కొండమీద మాత గుడికి రమ్మంటే మాత్రం పోవద్దు. మా అక్క సంగతి నీకు చెప్పే ఉన్నాను. మా నాన్న పెట్టిన పేరు రూతు. గుణదల సంబంధం చేసుకుని కతోలికుల్లోకి మారింది. బాప్తిస్మం పొందిన మనిషి తల మీద మళ్ళీ నీళ్ళు పోసి అమలమ్మ అని కొత్త పేరు పెట్టారు. మా అక్క మారిందని తెలిసిన రోజున మా నాన్న అన్నం ముందునుంచి లేచిపోయాడు. పద్దెనిమిదేళ్ళయింది, నేను ఆ గుమ్మం తొక్కలేదు. మన ఇంట్లో "మారింది" అన్న మాట చెడ్డమాట. నీకు పుట్టినప్పట్నించీ తెలిసిందే, అయినా తండ్రిని గనక రాస్తున్నాను.

చదువు. బాగా తిను. వోణీ సంగతి మీ అమ్మకు చెప్పలేదు.

ఆమోసు


గుణదల
4-8-1974

నాన్నగారికి నమస్కరించి మార్త రాస్తున్నది.

ఆలస్యానికి క్షమించండి. ఇక్కడ ఒకటే వాన. రికార్డు పుస్తకాలు చెమ్మకి ఉబ్బిపోతున్నాయి. గేదె కోలుకుందా?

చదువు జరుగుతోంది. పోయిన వారం తీగ మందం కొలిచే ప్రాక్టికల్ చేశాం. నా లెక్క పుస్తకంలో ఉన్న విలువకు చాలా దగ్గరగా వచ్చింది. డిమాన్‌స్ట్రేటరు గారు చూసి, "ఎవరి దగ్గర కాపీ కొట్టావ్?" అన్నారు. నా బల్ల దగ్గర చేసే పద్మావతి అన్న అమ్మాయి నా దాంట్లోంచే రాసుకుంది. ఆమె రికార్డు మీద మాత్రం సంతకం పెట్టారు. నన్ను మళ్ళీ చేయమన్నారు. మళ్ళీ చేశాను, మళ్ళీ అదే వచ్చింది. అప్పుడు సంతకం పెట్టి, "మార్త అంటే మీవాళ్ళంతా నర్సింగుకు పోతారు కదమ్మా, నువ్విటెందుకొచ్చావ్?" అని అడిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఏం జవాబు చెప్పాలో మీకేమైనా తెలిస్తే రాయండి.

నిన్న అమలమ్మ అత్త హాస్టలుకు వచ్చింది. నేను పిలవలేదు నాన్నగారూ, ఆవిడే నా పేరు విని వచ్చింది. జంతికలు తెచ్చింది. మీ గురించి అడిగి ఏడ్చింది. నాకు ఏం చేయాలో తోచక జంతికలు తిన్నాను.

మార్త


చినలాకులు
9-8-1974

మార్తకు.

గేదె బాగానే ఉంది. ఆ సంగతి పక్కన పెట్టు.

ఆవిడెందుకొచ్చింది? పద్దెనిమిదేళ్ళు లేని ప్రేమ ఇప్పుడెక్కడ పుట్టింది? ఊరికే ఎవరూ జంతికలు తేరు. చిన్నప్పుడు మా అక్క నన్ను చంకనేసుకుని తిరిగిన మాట నిజం. అందుకే చెప్తున్నాను, దాని మాట తియ్యగా ఉంటుంది. మళ్ళీ వస్తే చదువుకోవాలని చెప్పి లోపలికి పో. ఆ సిస్టర్లు నిన్నేమైనా కదుపుతున్నారా? ఉన్నది ఉన్నట్టు రాయి.

కాలవకు నీళ్ళు నిండుగా వస్తున్నాయి. రోజుకి ముప్పై పడవలు దాటిస్తున్నాను, నడుం పట్టేసింది. ఎక్కువ రాయలేను.

మీ అమ్మ జంతికలు చేసి పంపుతానంటోంది. ఆవిడ పోటీ ఆవిడది.

ఆమోసు


గుణదల
18-8-1974

నాన్నగారికి,

చాలా రోజులుగా ఒక సంగతి రాయాలని మొదలుపెట్టి కాగితాలు చించేస్తున్నాను. ఇవాళ రాసేస్తున్నాను. నేను మారదామనుకుంటున్నాను.

తొందరపడి అంటున్న మాట కాదు. వచ్చిన కొత్తలో నేను ఎంత నమ్మకంతో ఉన్నానో మీకు తెలుసు. ఆ నమ్మకం ఇప్పుడు నాలో లేదు. ఉన్నచోటే పరాయిదాన్నయిపోయాను. మా గదిలో మాణిక్యం అనే అమ్మాయి జూలైలోనే మారిపోయింది, హాయిగా ఉంది, కడుపునిండా తింటోంది, నిద్రపోతోంది. తెరేసమ్మ సిస్టరు నేను అన్నం తినడం లేదని కనిపెట్టి, కూర్చోబెట్టి మాట్లాడింది. "మనసు ఒప్పని చోట బలవంతాన ఉండక్కర్లేదమ్మా, మీ నాన్నగారిని అడుగు" అంది.

మారేవాళ్ళు ఈ నెల ముప్పై ఒకటిలోగా మారాలి. తండ్రి సంతకం లేకపోతే ఒప్పుకోరు. అర్జీ ఇంగ్లీషులో ఉండాలి కాబట్టి తెల్లకాగితం ఒకటి కవరులో పెట్టాను. కింద మీరు సంతకం చేసి పంపితే పైన నేను రాసుకుంటాను.

కారణం అడక్కండి. రాస్తే మీకు కష్టంగా ఉంటుంది, రాయడం నాకింకా కష్టం. అమ్మకు ఇప్పుడే చెప్పకండి.

మార్త


చినలాకులు
21-8-1974

మార్తా,

ఇందుకా నిన్ను పంపించింది? నెల తిరిగిందో లేదో మారతానంటావా? సిగ్గు లేకుండా సంతకం కూడా నన్నే పెట్టమంటావా?

నలుగురిలో లేచి నిలబడి నీ గురించి చెప్పుకున్నాను. రేపట్నించి నేను ఏ మొహం పెట్టుకుని పేటలో తిరగాలి? మారేవాళ్ళకేం, మార్చేవాళ్ళకేం, మధ్యన మాడి మసయ్యేది కన్నవాళ్ళు. నమ్మకం పోయిందట! పద్దెనిమిదేళ్ళ పిల్లవి, నీకు నమ్మకం అంటే ఏం తెలుసు, పోవడానికి? ఇదంతా మా అక్క నేర్పిన పాఠమని నాకు తెలియదనుకోకు.

కాగితం చించి కాలవలో వేశాను. సంతకం పెట్టను. మళ్ళీ ఆ మాట రాస్తే నా ఉత్తరం కోసం చూడకు.

ఆమోసు


గుణదల
25-8-1974

నాన్నగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీకు ఇంత కోపం వస్తుందని అనుకోలేదు. వస్తే వచ్చింది. మీరు వద్దంటారని నాకు లోపల ఎక్కడో ఆశ ఉంది. అది ఇప్పుడు దాచడం దేనికి? కానీ మీరు మీ పరువు గురించి రాశారు, పేట గురించి రాశారు, నా గురించి ఒక్క ముక్క రాయలేదు.

అత్తకు ఇందులో ఏ పాపమూ తెలియదు. సంగతి విన్నాక, "కావాలంటే గార్డియనుగా నేను వేలిముద్ర వేస్తానే" అంది. నేనే వద్దన్నాను. వేస్తే మా నాన్నే వేయాలన్నాను.

ఒక్కటే అడుగుతాను. నేను ఉన్నచోటే ఉండగలనని మీకు నమ్మకం ఉందా? నాకైతే లేదు. మీకుంటే ఆ ఒక్క మాట రాయండి చాలు. ఎవరేమన్నా, ఏం జరిగినా ఉండిపోతాను, ఇంక మారే మాట ఎత్తను. లేదంటే సంతకం పెట్టండి. ఇంకో తెల్లకాగితం పంపుతున్నాను. గడువు శనివారంతో సరి.

ఇక్కడ వాన ఆగింది. బట్టలు ఆరుతున్నాయి.

మార్త


చినలాకులు
29-8-1974

అమ్మా మార్తా,

ఈ ఉత్తరం ఉయ్యూరు వెళ్ళి బస్సు కండక్టరు హనుమయ్య చేతికిస్తున్నాను, రేపటికల్లా నీకు అందాలని.

ఎనిమిది రోజులుగా నేను మనిషిని కాను. మొన్న లాకు తలుపు వేయకుండా పడవను వదిలి తిట్లు తిన్నాను. మీ అమ్మకు చెప్పొద్దన్నావు, చెప్పేశాను. ఆవిడ నాకంటే నిబ్బరంగా ఉంది. "మీ అక్కను సాధించి మీ నాన్న ఏం బావుకున్నాడండీ, మీరు దీన్ని సాధించడానికి" అంది. ఆ మాట గుండెల్లో దిగింది. మా నాన్న మా అక్కను కట్టేయాలని చూశాడు. ఆయన మంచం పట్టి, చివరి మూడు రోజులూ దాని పేరే కలవరించాడు. అది రాలేదు. మేం కబురు పెట్టలేదు, అదీ నిజం. నాకు అలాంటి చావు వద్దు.

నమ్మకం ఉందా అని అడిగావు. అది ఒకరు పోస్తే నిండేది కాదమ్మా. నీలో లేనిది నేను ఉందని రాస్తే వచ్చి కూర్చోదు. ఉండలేనన్న మనిషిని ఉండమని పట్టి లాగడానికి తండ్రికి కూడా హక్కు లేదు. నువ్వు మారతానంటే మారు. ఎక్కడ నీ మనసు కుదుటపడితే అక్కడే ఉండు. నేను అడ్డు రాను. నువ్వెటు పోయినా నా కూతురివే.

సంతకం పెట్టాను. కొంచెం వంకర వచ్చింది, ఏమీ అనుకోకు.

నాన్న


గుణదల
12-9-1974

నాన్నగారికి,

కాగితం సమయానికి అందింది. మారాను.

ఇప్పుడు నన్నెవరూ ఏమీ అడగడం లేదు. మనసు కుదుటపడిందా అంటే, అలవాటవుతుంది అంటున్నారు అందరూ. మీరు ఒప్పుకున్నందుకు థాంక్స్ చెప్పాలి. చెప్తున్నాను.

దసరాకి రాలేను. వెనకబడ్డవి చదువుకోవాలి. అమ్మను బెంగ పెట్టుకోవద్దనండి.

మార్త


చినలాకులు
8-12-1974

చిరంజీవి కుమార్తెకు నాన్న దీవెనలు.

దసరాకి నువ్వు రాలేదు. ఆ తర్వాత వచ్చినవి రెండు కార్డులు, ఒక్కోటి నాలుగు వరుసలు. తప్పు నాదే. ఆగస్టులో ఆ కోపపు ఉత్తరం రాయకుండా ఉండాల్సింది.

క్రిస్మస్‌కు రామ్మా. మీ అమ్మ కొత్తబియ్యం నానబోసి అరిసెలు వండుతుంది. నువ్వు మన ఆరాధనకు రాకపోయినా నేనేమీ అనుకోను. ఉయ్యూరులో మీ గుడి ఉంది కదా, అర్ధరాత్రి పూజకు నేనే తీసుకెళ్ళి బయట అరుగు మీద కూర్చుంటాను. చలికి దుప్పటి తెచ్చుకుంటాలే. సంఘపెద్దగా సెప్టెంబర్లోనే తప్పుకున్నాను. ఎవరూ తప్పుకోమనలేదు, పాస్టరు సొలొమోను అయ్యగారు వద్దని చెప్పారు కూడా. కూతురు ఒకవైపు నేను ఒకవైపు ఉంటూ పెద్దరికం చేయడం బాగుండదనిపించింది. మీ అత్తకు కూడా ఉత్తరం రాశాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత రాయాలంటే ఏం రాయాలో తెలియక, మా లాకులకు కొత్త తలుపులు వేశారని రాశాను.

ఒకటి అడగాలని ఎన్నాళ్ళనించో ఉంది. నీకు ఏం పేరు పెట్టారు? కవరు మీద ఏది రాయాలో తెలియక ఇప్పటిదాకా పాతపేరే రాస్తున్నాను. నీకు ఇబ్బందైతే చెప్పు, ఈసారినుంచి కొత్తది రాస్తాను. పలకడం కష్టమైతే నేర్చుకుంటాను.

నాన్న


గుణదల
14-12-1974

నాన్నా,

ఏం పేరు? ఏం పూజ? ఏమిటి మీరు రాస్తున్నది?

మీ ఉత్తరం చదివి మొదట మీకు జ్వరం వచ్చిందేమో అనుకున్నాను. తర్వాత మీ పాత ఉత్తరాలన్నీ తీసి మంచం మీద పరుచుకుని మొదట్నించీ చదివాను. అప్పుడు అర్థమైంది.

నేను మతం మారలేదు నాన్నా! నేను మారింది చదువు. బి.యస్సీ. వదిలేసి బి.ఏ.లో చేరాను. సైన్సు గ్రూపులోంచి ఆర్ట్సు గ్రూపుకు పోవడాన్ని ఇక్కడ అందరూ "మారడం" అంటారు. ఆఫీసు బయట బోర్డు మీద కూడా "మారదలచినవారు" అనే రాశారు. రోజూ విని విని నేనూ అలాగే రాసేశాను. మన ఇంట్లో ఆ మాటకి ఇంకో అర్థం ఉందని నాకెందుకు తట్టలేదు? మీరు అత్త సంగతి మళ్ళీ మళ్ళీ రాశారు, అప్పుడైనా తట్టాలి. నా బాధలో నేనున్నాను. సైన్సు అన్న మాట కాగితం మీద పెడితే ఏడుపొస్తుందని పెట్టలేదు. అంతే జరిగింది.

కారణం అప్పుడు రాయలేదు, ఇప్పుడు రాస్తాను. ఆగస్టు పన్నెండున ప్రాక్టికల్‌కి నేను పావుగంట ముందే వెళ్ళాను. లాబరేటరీ తలుపు దగ్గర నిలబడి ఉంటే కొత్తగా వచ్చిన అటెండరు నన్ను చూసి, "ఏ పేటమ్మా మీది?" అని అడిగాడు. చెప్పాను. "ఊడ్చే జీవరత్నం కూతురివా? తన బదులు నిన్ను పంపిందా? కానీ, పిల్లలొచ్చే వేళయింది, ఆ బల్లల కింద గాజుపెంకులు ఊడ్చెయ్" అని చీపురు చేతికిచ్చాడు. నా పుస్తకాలు పమిటలో ఉన్నాయి, కనబడలేదు. నేను ఈ కాలేజీలో చదువుతున్నానని చెప్పాలి. నాలుగు మాటలు. నోట్లోంచి రాలేదు నాన్నా. చీపురు తీసుకుని ఊడ్చాను. మన ఇంట్లో ఊడ్చినంత శుభ్రంగా, మూలలతో సహా. సగంలో ఉండగా బాచి అంతా వచ్చింది. పద్మావతి నా మొహం చూసి తల తిప్పుకుంది. డిమాన్‌స్ట్రేటరు గారు పేర్లు పిలవడం మొదలుపెట్టారు. నా పేరు పిలిచినప్పుడు నేను చీపురు పట్టుకునే "ప్రెజెంట్ సార్" అన్నాను.

ఆ తర్వాత ఆ గదిలోకి పోలేకపోయాను. ఊడ్చడం అవమానమని కాదు, జీవరత్నమ్మ నాకు పెద్దమ్మలాంటిది, ఆవిడ రోజూ చేసే పనే అది. అటెండరు అడిగిన మరుక్షణం, వాడన్నదే నిజమేమో, ఇన్నాళ్ళూ నేనే పొరపాటున లోపలికొచ్చానేమో అని నాకు అనిపించింది చూశారా, దానికి భయపడ్డాను. అందుకే మీకు నమ్మకం ఉందా అని అడిగాను. మీరు "ఉంది, చదువు" అంటారని కాచుకుని కూర్చున్నాను. శుక్రవారం హనుమయ్యగారు ఉత్తరం ఇస్తే విప్పకుండా గంటసేపు ఒళ్ళో పెట్టుకున్నాను. విప్పితే, నీలో లేనిది నేను ఉందంటే రాదు అని ఉంది. మా నాన్నక్కూడా నేను అక్కడి మనిషిని కానని తెలిసిపోయిందనుకున్నాను. కింద మీ సంతకం చూశాను. పైన నేనే రాసుకున్నాను.

ఇప్పుడు చరిత్ర, ఆర్థికశాస్త్రం చదువుతున్నాను. మార్కులు బాగానే వస్తున్నాయి. ఇక్కడ నన్ను ఎవరూ వింతగా చూడరు. మాణిక్యం నా పక్కనే కూర్చుంటుంది.

నాకు మీరు పెట్టిన పేరే ఉంది.

మార్త


చినలాకులు
20-12-1974

నా తల్లీ,

నీ ఉత్తరం అందిన పూటే సెలవుచీటీ రాసి ఓవర్సీరు గారి బల్ల మీద పడేసి బస్సెక్కాను. నీ దగ్గరికి రాలేదు. కాలేజీకి పోయాను.

ఆఫీసులో గుమాస్తా మంచివాడే, కుర్చీ చూపించాడు. "మా అమ్మాయి సైన్సులో ఉండాలండీ, పొరపాటున మారింది, మళ్ళీ వెనక్కి వేయండి" అని చెప్పాను. ఆయన ఫైలు తీసి చూసి, "గడువైపోయి నాలుగు నెలలు కావస్తోందండీ, ఆ సీటు సెప్టెంబర్లోనే వేరే అబ్బాయికి ఇచ్చేశారు. అయినా తండ్రిగా మీరే ఒప్పుకున్నారుగా" అని కాగితం నా ముందు పెట్టాడు. ఇంగ్లీషులో ఎనిమిది వరుసలు, నీ గుండ్రటి రాత. కింద నా వంకర సంతకం. "చదవకుండా పెడతారా ఎవరైనా?" అన్నాడు. నేను పెట్టినప్పుడు దాని మీద చదవడానికేమీ లేదు. ప్రిన్సిపాలు గారి గది ముందు మధ్యాహ్నం దాకా నిలబడ్డాను. ఆయనా అదే మాట చెప్పారు. కావాలంటే వచ్చే ఏడు మళ్ళీ మొదటి నుంచి అప్లికేషను పెట్టుకోవచ్చట, సీటు వస్తుందన్న హామీ మాత్రం ఇవ్వలేరట.

తర్వాత లాబరేటరీ ఎక్కడని అడుగుతూ పోయాను. వరండాలో నిలబడి కిటికీలోంచి చూశాను. పిల్లలు బల్లల మీద వంగి ఏదో కొలుస్తున్నారు. అటెండరు వచ్చి ఎవరు కావాలన్నాడు. ఇతనేనేమో అనుకున్నాను, అడగలేదు. "మా అమ్మాయి ఇందులో చదివేదండి" అన్నాను. "ఏ బాచి?" అన్నాడు. నాకు తెలియదు. బస్టాండుకు నడిచి వచ్చేశాను. మొహం చెల్లక హాస్టలువైపు రాలేదు, నన్ను క్షమించు.

మార్తా, నీ ఆగస్టు ఉత్తరాలు నేనూ తీసి చదివాను. నర్సింగుకు పోతారు కదా అని ఆయన అన్నమాట నువ్వు నాలుగో తారీఖునే రాశావు. ఏం జవాబు చెప్పాలో రాయమని కూడా అడిగావు. నేను జంతికలు పట్టుకుని కూర్చున్నాను. బిడ్డ ఏడుస్తూ రాసిన మాట నా కంటపడలేదు, మా అక్క మీద పంతమొకటే కంటపడింది. ఈ పాపం నాది, నీది కాదు.

ఆ ఎనిమిది రోజులూ నేను దేవుడితో పోట్లాడాను. ఏ గుడిలో మోకరించినా వినే ప్రభువు ఒక్కడే కదా అని చివరికి సర్దిచెప్పుకున్నాను. అలా సర్దిచెప్పుకునే నిన్ను వదిలాను. నువ్వు సైన్సు వదిలేస్తానని రాసి ఉంటే సర్దిచెప్పుకోడానికి నా దగ్గర ఏముంది? ఆ రోజే వచ్చి, ఆ అటెండరు ముందు, ఆ మేష్టారి ముందు, నీ చెయ్యి పట్టుకుని ఆ బల్ల దగ్గర నిలబెట్టి వెళ్ళేవాణ్ణి. నా దేవుడిలోంచి నిన్ను పోనిచ్చాను గానీ, అక్కణ్ణించి పోనిచ్చేవాణ్ణి కాదమ్మా.

వచ్చే ఏడు మళ్ళీ అప్లికేషను పెట్టమని నేను చెప్పను. పెట్టొద్దనీ చెప్పను. నా సంతకం ఒకసారి నీ దారి మార్చింది, అది చాలు. చరిత్రయినా సరే, నువ్వు చదివేదేమిటో వచ్చినప్పుడు నాకు చెప్పు.

పండక్కి రా. అమలమ్మక్కను కూడా వెంటబెట్టుకుని రా, మీ అమ్మ రమ్మంది, నేనూ రమ్మంటున్నాను.

ఆగస్టు ఇరవై అయిదున నువ్వు ఒక మాట అడిగావు. నీకు నేను దానికి జవాబు రాయలేదు, వేరే దేనికో రాశాను. ఆలస్యమైనా ఇప్పుడు రాస్తున్నాను. ఉందమ్మా. నువ్వు ఉండగలవని నాకు నమ్మకం ఉంది. అప్పుడూ ఉంది.

నీ నాన్న,
ఆమోసు